బస్సును నమ్మని అవ్వ

మొన్న పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసి "అవ్వ పోయింది బిడ్డా" అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నిజమేనా? నువ్వు కండ్లార చూసినవా?"

అమ్మకు ఒళ్లు మండింది. "సావు గురించి గూడ అబద్ధమాడ్తరానే ఎవలన్న?" అని ఫోన్ పెట్టేసింది. కాసేపటికి నాకు ఏడుపొచ్చింది గానీ, ముందు వచ్చింది మాత్రం అనుమానమే.

నేను కామారెడ్డిలో ఒక మందుల దుకాణంలో పని చేస్తాను. చీటీని వెలుతురుకు పెట్టి చూస్తాను, మందు ఎవరికో అడుగుతాను, చెప్పింది నమ్మకుండా మళ్లీ అడుగుతాను. మా సేటు నన్ను పోలీసమ్మా అని పిలుస్తాడు. ఈ గుణం మా ఇంటి నుంచి రాలేదు. మా బాపు ఎవరేం చెప్పినా తలూపే మనిషి. ఇది పూర్తిగా అవ్వ పెట్టిన భిక్ష. ఆమె నాకు చుట్టం కాదు, పక్కింటామె కూడా కాదు. మా ఊరికి మొదటి ఇల్లు ఆమెది, అంతే.

లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు పోతుంటే పెద్ద రోడ్డు మీద బస్సులాగే ఒక స్టేజీ వస్తుంది. అక్కడ దిగి, మొక్కజొన్న చేన్ల మధ్య నుంచి, వాగులాంటి ఒక ఒర్రె దాటి, కాళ్లు నొప్పులు పుట్టేదాకా నడిస్తే మా ఊరు. ఊళ్లోకి ఎవరొచ్చినా అవ్వ అరుగు ముందు నుంచే రావాలి. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. చేతులు వాటంతటవే బీడీలు చుడుతుంటాయి. కండ్లు మాత్రం తోవ మీదే ఉంటాయి.

"ఎవలింటికి?"

ఇది మొదటి ప్రశ్న. ఫలానా వాళ్లింటికి అంటే, "ఎందుకు?" అది చెబితే, "మల్ల ఎప్పుడు పోతవ్?" ఈ మూడు దాటకుండా మా ఊళ్లోకి అల్లుడు కూడా రాలేదు. కొత్తగా పెండ్లయిన ఒకాయన చిన్నబుచ్చుకుని, "అత్తగారింటికి వస్తే గూడ చెప్పాలెనా?" అన్నాడట. "అల్లునివని నీ మొకం మీద రాసుందా?" అంది అవ్వ. చివరికి ఆ పిల్ల తమ్ముడు వచ్చి సాక్ష్యం చెబితే గానీ ఆయనకు దారి దొరకలేదు.

ఆమె ఎవరి ఇంట్లోనూ ముందుగా చాయ్ తాగదు. ఇచ్చినవాళ్లు ఒక గుటక వేయాలి. ఆశా కార్యకర్త గోలీ ఇస్తే, "ముందుగాల నువ్వు మింగు" అనేది. నాకు జొరం లేదవ్వా అంటే, "జొరం లేనోళ్లకు ఏమైతదో చూస్తే గదా, ఉన్నోళ్లకు ఏమైతదో ఎరుకయ్యేది" అనేది. దీనికి జవాబు చెప్పేవాళ్లు మా మండలంలో లేరు. ఫోన్ మోగితే ఎత్తి చెవికి పెట్టుకుని ఊపిరి బిగపట్టేది. అవతలివాళ్లు హలో హలో అని అరిచి, తమ పేరూ ఊరూ చెప్పుకున్నాక అప్పుడు దగ్గేది. బీడీ కార్ఖానాలో ఆకు తడిపి తూకం వేస్తున్నారని అనుమానం. టీవీలో వాన పడుతుందని చెప్పేవాడికి గొడుగుల దుకాణం ఉందని అనుమానం. ఇంట్లో ఎంతమంది ఉంటరు అవ్వా అని ఎవరడిగినా ఒకటే మాట: "ఉన్నం."

ఉన్నది ఆమె ఒక్కతే. ఆమె పెనిమిటి వయసులో ఉన్నప్పుడే బొంబాయి దిక్కు భీవండి మగ్గాల మీద పనికి పోయి మళ్లీ రాలేదు. ఊరందరికీ తెలిసిన సంగతే, ఆమె మాత్రం ఎన్నడూ ఎత్తేది కాదు.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం బస్సు మీద. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బస్సు ఊళ్లోకి వచ్చి ఆమె ఇంటి ముందరే మళ్లేది. అది వెనక్కి తిరుగుతున్నంతసేపూ బీడీ చుట్టడం ఆపి, కిటికీల్లో మొహాలన్నీ చూసేది. ఎవరైనా పెద్ద సంచితో ఎక్కితే, "గింత సంచెందుకు? మాపటికి రావా?" అని గట్టిగా అడిగేది. తను మాత్రం ఎక్కేది కాదు. ఆడవాళ్లకు టికెట్ లేదని తెలిసిన రోజు మా అమ్మలందరూ పండుగ చేసుకున్నారు. అవ్వ మొహం ఇంకా ముడుచుకుంది.

"ఊకె ఎందుకు తీస్కపోతడు? మన మొకాలు చూసా?"

"సర్కారు ఇస్తుందే అవ్వా."

"గదే నేను గూడ అంటున్న. ఎందుకిస్తుంది?"

ఆ బస్సులోనే నేను ఎల్లారెడ్డికి పోయి డిగ్రీ చదివేదాన్ని. అది నాకు బస్సు కాదు, మా బాపు ఇచ్చిన మాట. "బస్సున్నన్ని దినాలు సదువుకో" అన్నాడు. ఆ మాటలో ఉన్న మెలిక అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. వాన మొహం చాటేసిన ఏడు ఊరంతా ఒక రోజు ఊరు విడిచి బయట వండుకుంటుంది. ఆ రోజు ఇండ్లల్లో పొయ్యి వెలగకూడదు. ముసలీముతకా, మేకలూ కోళ్లూ అందరం పొద్దున్నే ఇండ్లకు తాళాలు వేసి, పొలిమేర అవతల మామిడితోటకు పోతాం. అక్కడే అమ్మవారికి పెట్టుకుని, తిని, పొద్దు గూకాక తిరిగొస్తాం. ఊరి మొగదల, అవ్వ ఇంటి దగ్గర, ముండ్లకంప అడ్డం వేస్తారు. ఆ రోజు బయటివాళ్లు ఊళ్లోకి అడుగు పెట్టకూడదు, బస్సును కూడా స్టేజీ దగ్గరే ఆపేయమని డ్రైవరుకు చెప్పి పెడతారు.

ఆ కంప దగ్గర కాపలా అవ్వదే. వేరెవరు కూర్చున్నా ఆమెకు నమ్మకం లేదు. "నేను కంపకు బయటి దిక్కు కూసుంట. గదెట్ల ఊరయితది? పద్ధతి తప్పలే" అని తనే తీర్పు చెప్పుకునేది. మేం తోటలో నుంచి ఆమెకు అన్నం పంపేవాళ్లం. తెచ్చినవాళ్లు ఒక ముద్ద తిన్నాకే ఆమె తినేది.

నేను డిగ్రీ చదువుతున్న ఏడు కూడా అట్లాగే జరిగింది. వాన కూడా పడింది. వానతో పాటు ఇంకొకటి కూడా పడింది: కొన్నాళ్లకు బస్సు ఊళ్లోకి రావడం మానేసింది.

మొదటి రోజు టైరు పగిలిందనుకున్నాం. తర్వాత ఒర్రెలో నీళ్లున్నాయేమో అనుకున్నాం. నీళ్లు తగ్గినా రాలేదు. మా ఊరాయన ఒకడు స్టేజీ దగ్గర కండక్టరును నిలదీస్తే, "మీ ఊర్ల మనుషులే లేరట గద! డిపో సారు వచ్చి చూసి పోయిండు. ఇండ్లన్ని తాళాలేనట. ఖాళీ ఊరికి బస్సెందుకని రద్దు చేసిన్రు" అన్నాడు. బస్సు కాలేజీ టైముకు నడపమని మా ఊరివాళ్లే అంతకుముందు దరఖాస్తు పెట్టారు. ఎందరు ఎక్కుతారో చూడడానికి సారు వచ్చాడు. వచ్చి వచ్చి ఊరు ఖాళీ అయిన రోజే వచ్చాడు!

అయినా తాళాలు చూసినంత మాత్రాన మనుషుల్లేరని ఎట్లా అనుకుంటాడు? ఎవరో చెప్పి ఉండాలి. ఇక చూడండి, ఊళ్లో అనుమానాలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆటోల వాళ్లు చెప్పి ఉంటారన్నారు. పక్క ఊరివాళ్లు మన బస్సును మలుపుకోవడానికి చెప్పారన్నారు. బావుల దగ్గర, కిరాణాకొట్టు దగ్గర అదే ముచ్చట. ఒకరి మొహం ఒకరు తేరిపార చూసుకోవడం మొదలైంది. మా మేనమామకు ఆటో ఉంది. ఆ పాపానికి మా ఇంటిని కూడా వారగా చూశారు.

నా కొంప మునిగింది. ఆటోలో పోతానంటే మా బాపు ఒప్పుకోలేదు. "మొగపోరగాండ్ల నడుమ ఏలాడుకుంట పోతవా? బస్సున్నన్ని దినాలు అన్న. లేదు. అయిపోయింది" అన్నాడు. పైగా జుక్కల్ దిక్కు నుంచి ఒక సంబంధం ఉందని మా మేనత్త అప్పటికే చెవిలో వేసింది. జుక్కల్ అంటే మాకు ఇంకో దేశమే. అంగట్లో సగం మంది కన్నడమో మరాఠీయో మాట్లాడతారు. వచ్చే వారం చూడడానికి వస్తారన్నారు. నేను రెండు రోజులు అన్నం తినలేదు. తినకపోతే ఎవరికి నష్టం? మా అమ్మ నా కంచంలోది బర్రెకు పెట్టింది.

ఆ కోపంలో, ఆ ఆకలిలో నాకు ఒకటి తట్టింది. ఊరంతా ఎవరినో ఒకరిని అనుమానిస్తోంది. అందరికంటే ముందు అనుమానించాల్సిన అవ్వ మాత్రం నోరు మెదపడం లేదు! ఆటోల వాళ్ల ముచ్చట వస్తే చాటలోకి చూస్తోంది. పక్క ఊరి ముచ్చట వస్తే దారం వెతుక్కుంటోంది.

నేరుగా పోయి అరుగు ముందు నిలబడ్డాను.

"ఆ దినం కంప కాడ నువ్వే ఉన్నవు గదా అవ్వా. ఎవలన్న వచ్చిన్రా?"

చేతులు ఆగాయి. "ఒకడు వచ్చిండు. జీపుల."

"ఏమడిగిండు?"

"ఊర్ల ఎన్ని ఇండ్లు అన్నడు. ఇంటికి ఎందరు అన్నడు. పొద్దుగాల ఎన్ని గంటలకు బయటికి పోతరు, మాపటికి ఎప్పుడు తిరిగొస్తరు అన్నడు. ఏమనుకోవాలె బిడ్డా? దొంగ గాకుంటే గివన్ని ఎవనికి కావాలె? ఊర్ల ఎవలు లేరు, ఎప్పుడో పోయిన్రు, ఎవల తొవ్వ వాళ్లు చూస్కున్నరు అని చెప్పిన. కంప మీంచి తొంగి చూసిండు. కుక్కలు గూడ తోటకే పోయినయి గద, పొగ లేదు, సప్పుడు లేదు. పోయిండు."

ఒక్క క్షణం నవ్వొచ్చింది. నిజమే, బస్సు వేయాలన్నా దొంగతనం చేయాలన్నా అడగాల్సిన ప్రశ్నలు అవే. కానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

"దొంగ అనుకుంటే, ఎవలు లేరని ఎట్ల చెప్తవ్ అవ్వా? అందరు లోపటనే ఉన్నరు, కట్టెలు పట్టుకొని ఉన్నరు అని గదా చెప్పాలె?"

అవ్వ నన్ను చూసింది. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లను చూసే చూపు అది. "సామాను గూడ తీస్కపోయిన్రని చెప్పిన. ఏం లేదంటే మల్ల రాడని" అంది. అని, "సదువు ఎక్కువైంది నీకు" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పెట్టిన చప్పుడు, మళ్లీ దాన్ని గుంజి చూసుకున్న చప్పుడు రెండూ వినిపించాయి.

నేను నమ్మలేదు. ఆమె దగ్గరే నేర్చుకున్నదాన్ని, ఎట్లా నమ్ముతాను? ఎవరికైనా చెప్పాలనుకున్నాను. చెబితే ఊరు ఆమెను బతకనివ్వదు. చెప్పినంత మాత్రాన బస్సు రాదు. మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

ఈలోగా ఊళ్లో ఇంకొకటి మొదలైంది. పిల్లల బడి కోసమని ఒక కుటుంబం ఎల్లారెడ్డిలో గది కిరాయికి తీసుకుని పోయింది. దాని వెనుక ఇంకొకటి. రోజూ కామారెడ్డికి పనికి పోయి వచ్చే తాపీమేస్త్రీ పెండ్లాం పిల్లలతో సహా తాడ్వాయి చేరాడు. అవ్వ సాయంత్రం పూట ఆ ఇండ్ల ముందు నిలబడి తాళాలు పట్టుకుని చూడడం నేను చూశాను. గట్టిగా ఉన్నాయో లేదో అని కాదు. ఉత్తగా పట్టుకుని నిలబడేది.

జుక్కల్ వాళ్లు వచ్చి చూసి పోయారు. నచ్చానన్నారు. ఆ మాట ఊళ్లో తిరిగిన మరుసటి రోజు పొద్దున్నే మా తలుపు మీద దబదబ బాదుడు. తెరిస్తే అవ్వ.

"నడువుండ్రి. డిపోకు పోవాలె. అందరు నడువుండ్రి."

ఇంటింటికీ అదే బాదుడు. పనులున్నాయన్న వాళ్ల చేతిలో చాటలు గుంజుకుని మూల పడేసింది. "ఊర్ల మనుషుల్లేరన్నరు గద! చూపిద్దం రాండ్రి" అంది. ఆడవాళ్లం చంకలో పిల్లలతో స్టేజీ దాకా నడిచాం. కామారెడ్డి బస్సు వచ్చి ఆగితే కండక్టరు మా గుంపును చూసి బస్సు దిగిపోయాడు పాపం. అవ్వ మెట్టు మీద కాలు పెట్టి ఒక్కసారి ఆగింది. కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. "ఎక్కే ముసల్దానా" అని వెనుక నుంచి ఎవరో నెడితే ఎక్కింది.

డిపోలో మమ్మల్ని చూసి గేటు కాడి మనిషి సమ్మె అనుకున్నాడు. ఆ సారు బయటికి వచ్చాడు. వచ్చీ రాగానే అవ్వను పోల్చుకున్నాడు.

"ఊర్ల ఎవరూ లేరని చెప్పింది నువ్వే కదా?"

మా వాళ్లందరి తలలూ ఒక్కసారే అవ్వ వైపు తిరిగాయి. అవ్వ కొంగు సర్దుకుంది.

"నేనే చెప్పిన. అబద్ధం చెప్పిన. నిన్ను జూసి దొంగ అనుకున్న."

మావాళ్లు ఆమె మీద పడ్డారు. "నీ నోరు పడిపోను, నీ అనుమానం తగలెయ్య, పోరల సదువులు పాడు చేస్తివి గదనే" అని ఒకటే శాపనార్థాలు. వాటి మధ్యలోనే ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు అంటుకుంది. సారు మొహం ఎర్రబడింది గానీ, చివరికి ఆయనా నవ్వాడు. "సరే, ఇప్పుడన్నా చెప్పు. ఊర్ల ఎంతమంది ఉంటరు?"

అవ్వ కండ్లు చిన్నవి చేసింది. "కండ్ల ముందట నిలవెట్టిన గదా. నీకు లెక్క రాదా?"

బస్సు మళ్లీ వచ్చింది. నడిపి చూస్తాం, మనుషులు ఎక్కకపోతే ఆపేస్తాం అన్నారు. మా బాపు ఇచ్చిన మాట ఇచ్చినట్టే నిలబెట్టుకున్నాడు. జుక్కల్‌కు కబురు పంపి, సదువు అయినంక చూద్దామన్నాడు.

మొదటి రోజు నేను బస్సు ఎక్కేసరికి డ్రైవరు వెనక సీట్లో అవ్వ కూర్చుని ఉంది. ఒళ్లో చాట. "నువ్వెక్కడికి అవ్వా?" అంటే, "తీస్కపోవుడు అందరు తీస్కపోతరు. తిరిగి తెస్తడా లేదా చూడాలె" అంది. ఎల్లారెడ్డి దాకా డ్రైవరు ఇంటి పేరు, ఊరు, ఎంతమంది పిల్లలు, అన్నీ అడిగింది. కండక్టరు ఆధార్ కార్డు చూపించమంటే, ముందుగాల నీది చూపియ్యి అంది. కాలేజీ దగ్గర దిగి గేటు పక్కన గోడ నీడలో కూర్చుంది. మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తెచ్చి పక్కన కూర్చున్నాను. ఒక ముద్ద నేను తిన్నాను, తర్వాత ఆమె చేయి చాపింది.

తింటూ తింటూ, నా వైపు చూడకుండా అంది:

"ఆయన దొంగ కాదని నాకెరుకే బిడ్డా. జీపు మీద బస్సు బొమ్మ ఉండె. సదువు రాకుంటే కండ్లు గూడ లేవా?"

నేను నమలడం ఆపేశాను.

"మా ఇంటాయన గీ బస్సే ఎక్కిండు. పని చూసొస్త అన్నడు. అటెంక ఊరిడిచి పోయినోళ్లందరు నా కండ్ల ముందటనే ఎక్కిన్రు. బస్సు రాకుంటే ఎవలు పోరనుకున్న. నువ్వు గూడ పోవనుకున్న. ఊర్ల ఎవలు లేరని గందుకే చెప్పిన."

"మరి మల్ల ఎందుకు తెచ్చినవ్?"

"బస్సు బందు కాంగనే తాళాలు పడవట్టె. పొద్దుగాల పోయి మాపటికొచ్చేటోళ్లు మొత్తానికే పోవట్టిరి. నిన్ను జుక్కల్ ఇస్తమనిరి. నేను చెప్పిన అబద్ధం నిజమయ్యేటట్టు అనిపిచ్చింది. గప్పుడు భయమైంది. బస్సుంటే మాపటికి వస్తవు. గంతే."

నాకు కోపం రావాలి. ఆ రెండు రోజుల ఆకలి, ఆ జుక్కల్ వాళ్ల ముందు చాయ్ కప్పులు పట్టుకుని నిలబడ్డ సిగ్గు అన్నీ గుర్తున్నాయి. కానీ ఆమె చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఉంది. డిపో గేటు దగ్గర అంతమంది తిడుతుంటే చెక్కుచెదరని మనిషి, ఇప్పుడు నా మొహంలోకి చూడలేకపోతోంది.

"ఊర్ల చెప్తవా?" అంది.

"చెప్పనవ్వా."

"అందరు గట్లనే అంటరు."

ఆ తర్వాత నేను ఊరికి పోయిన ప్రతిసారీ, కామారెడ్డిలో పని దొరికాక కూడా, అరుగు దగ్గర నన్ను ఆపి గొంతు తగ్గించి అడిగేది, "చెప్పినవా?" అని. లేదంటే, "ఏమో" అనేది. పోయిన నెల కూడా అడిగింది.

మొన్న ఆమెను కాటికి తీసుకుపోయేటప్పుడు ఊరు ఊరంతా వెంట నడిచింది. ఆడవాళ్లు ఏడుస్తూనే డిపో ముచ్చట తీశారు. "బస్సు సారును దొంగ అనుకుంది గద, పిచ్చి ముసల్ది" అని ఒకామె అంటే, మా అమ్మ ముక్కు చీదుకుంటూ నవ్వింది. నిజమే కదా అన్నట్టు నా వైపు చూసింది. నేనూ నవ్వాను.

అవ్వా, నీ పేరు ఇక్కడ రాయలేదు, ఊరి పేరూ రాయలేదు. ఊళ్లో మాత్రం ఎవ్వరికీ చెప్పలేదు. నువ్వు నమ్మవని తెలుసు, అయినా చెబుతున్నాను. చెప్పలే అవ్వా.